మేస్త్రీ లేని ఇల్లు

అమెరికాలో ఇల్లు కొన్న ప్రతి తెలుగువాడికీ మొదటి ఏడాదిలోనే ఒక సంగతి బోధపడుతుంది. ఇల్లు కొనడమంటే ముప్ఫయ్యేళ్ళ వాయిదాల మీద పని కొనుక్కోవడమని. హైదరాబాదులో కుళాయి కారితే కింద వాచ్‌మన్‌కి ఒక కేకేస్తాం. సాయంత్రానికి ఎవరో ఒకరొచ్చి వాషరు మార్చి, చాయ్ తాగి, చేతిలో పెట్టింది పుచ్చుకుని వెళ్ళిపోతారు. ఇక్కడ ప్లంబరు గుమ్మంలో కాలు పెట్టినందుకే వంద డాలర్లు పైమాట. పని సంగతి ఆ తర్వాత. దాంతో జన్మలో స్క్రూడ్రైవరు పట్టనివాడు కూడా శనివారం పొద్దున్నే హోమ్ డిపోలో తేలతాడు. అక్కడ పలకరింపులు కూడా మారిపోతాయి. గుళ్ళో కనిపిస్తే "ఏ ప్రాజెక్టు మీదున్నారు?" అంటే ఆఫీసు ప్రాజెక్టు అని అర్థం. అదే ప్రశ్న హోమ్ డిపోలో అడిగితే కంచా, గడ్డా, బాత్రూమా అని.

డబ్బు మిగులుతుంది కాబట్టి మన పనులు మనం చేసుకోవాలి అనేది అందరికీ తెలిసిన లెక్కే. దాని గురించి కొత్తగా చెప్పడానికేం లేదు. నేను చెప్పాలనుకున్నది వేరే లెక్క. రేపు ఉంటామో లేదో తెలియని దేశంలో, ఇవాళ గుంజలు పాతడం ఎందుకు? మన వీసా బతుకుల్లో ఈ ప్రశ్న అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది.

మా ఇల్లు డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఒక సబర్బులో ఉంది. 2018లో కొన్నాం. అప్పటికీ ఇప్పటికీ నేను హెచ్‌1బీ మీదే ఉన్నాను. ఐ-140 ఎప్పుడో ఆమోదమైంది, గ్రీన్‌కార్డు మాత్రం వరసలో ఉంది. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకీ ఏటా 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న నియమం ఉన్నంతకాలం ఆ వరస ఎంత మెల్లగా కదులుతుందో మీకు వివరించక్కర్లేదు. హెచ్‌1బీకి అసలు గడువు ఆరేళ్ళు. మాలా ఐ-140 ఆమోదమై వరసలో నిలబడ్డవాళ్ళు ఆ తర్వాత కూడా మూడేళ్ళకోసారి పొడిగించుకునే వీలు 2000లో వచ్చిన చట్టం పుణ్యమా అని దొరికింది. అంటే మాకు ముప్ఫయ్యేళ్ళ అప్పుంది, మూడేళ్ళ అనుమతుంది. ఆ అనుమతి కూడా ఉద్యోగం ఉన్నంతవరకే. పోతే 60 రోజులు.

ఈ పరిస్థితిలో మనవాళ్ళు రెండు రకాలుగా ఉంటారని గమనించాను. మొదటి రకంవాళ్ళు ఇంట్లో మేకు కూడా కొట్టరు. నాకు తెలిసిన ఒకాయన ఇంట్లో పటాలు పదకొండేళ్ళుగా గోడకి ఆనించే ఉన్నాయి. "ఎప్పటికైనా వెళ్ళిపోయేవాళ్ళమే కదండీ" అంటాడు. వెళ్ళడు, తగిలించడు. రెండో రకంవాళ్ళు గ్రీన్‌కార్డు వచ్చినట్టే బతికేస్తారు. పెరట్లో పందిరి, డెక్కు, పైన మీడియా రూము, అన్నీ సొంతంగా చేసుకుంటారు. నేను చాలాకాలం ఈ రెండిటికీ మధ్యలో ఉన్నాను. 2022 చివర్లో మా నాన్న వచ్చాక రెండో రకంలో చేరిపోయాను.

నాన్నది పల్నాటి పల్లె. బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యారు గానీ సగం ప్రాణం పొలంలోనే ఉంటుంది. వచ్చిన రెండో రోజు పెరట్లోకి వెళ్ళి ఒంగుని మట్టి తీసి, వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఒరేయ్, ఇది మన రేగడే రా!" అన్నారు. నాకు నవ్వొచ్చింది గానీ తర్వాత చదివితే ఆయన అన్నది అక్షరాలా నిజం. డాలస్ చుట్టుపక్కల ఉన్న నల్ల బంకమట్టీ మన నల్లరేగడీ శాస్త్రం ప్రకారం ఒకే జాతివి, రెంటినీ వర్టిసాల్స్ అంటారు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెరియలు విచ్చుతుంది. అక్కడా పత్తే, ఇక్కడా పత్తే. అమెరికాలో పత్తి ఎక్కువగా పండించే రాష్ట్రం టెక్సాసే.

ఇక్కడ ఆ మట్టితో వచ్చిన తంటా ఏంటంటే, ఇల్లు దాని మీదే కూర్చుంటుంది. ఎండాకాలం మట్టి కుంచించుకుంటే పునాది ఒక పక్కకి ఒరుగుతుంది, గోడలు బీటలిస్తాయి, తలుపులు పట్టేస్తాయి. అందుకని ఇక్కడివాళ్ళు ఇంటి చుట్టూ చిల్లుల గొట్టం పరిచి, వేసవిలో పునాదికి నీళ్ళు పెడతారు. మొక్కలకి పెట్టినట్టు ఇంటికి నీళ్ళు పెట్టడమేంటని కొత్తలో మేమూ అనుకున్నాం. నాన్న మాత్రం ఆశ్చర్యపోలేదు. "రేగట్లో ఇల్లంటే అంతే. మనవైపు గట్టినేల తగిలేదాకా తవ్వి, గ్రావెల్ నింపి అప్పుడు లేపుతాం. వీళ్ళు పైపైనే పలక పోసి దాని మీద కట్టారు" అన్నారు. నిజమే. ఇక్కడి కొత్త ఇళ్ళలో చాలావాటికి పోస్ట్ టెన్షన్ స్లాబ్ ఉంటుంది. కాంక్రీటు పలకలో ఉక్కు కేబుళ్ళు పెట్టి, బిగించి లాగి ఉంచుతారు. గరాజ్ నేలమీద "ఇక్కడ కోయొద్దు, డ్రిల్ చెయ్యొద్దు" అన్న ముద్ర కనిపిస్తే కారణం అదే. ఇది తెలియకుండా గరాజ్ నేలకి బోల్టులు బిగించే ఆలోచన ఉంటే ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

ఆ ఏడాది వసంతంలో వచ్చిన గాలివానకి పక్కింటికీ మాకూ మధ్యనున్న కంచె ఒరిగిపోయింది. చెక్క గుంజలు నేలమట్టం దగ్గర కుళ్ళిపోయున్నాయి. మొత్తం 64 అడుగులు. కొటేషన్ అడిగితే 3,100 డాలర్లన్నారు. సామాను మేమే కొనుక్కుంటే 1,200. పక్కింటి పెద్దాయన సగం పెట్టుకుంటానన్నాడు, పైగా తన పనిముట్లిస్తానన్నాడు. అంటే మా వాటా 600. ఇహ చెయ్యకపోవడానికి బద్ధకం తప్ప కారణం లేదు.

తవ్వేముందు ఒక ఫోన్ చెయ్యాలి. 811. ఇది 2007 నుంచీ దేశమంతటా ఉన్న నంబరు. పైసా ఖర్చు లేదు. రెండు మూడు పనిదినాల్లో ఆయా సంస్థలవాళ్ళొచ్చి మీ పెరట్లో భూమిలోపల ఏమేం పోతున్నాయో రంగులతో గీతలు గీసి వెళతారు. ఎరుపు కరెంటు, పసుపు గ్యాసు, నారింజ ఫోనూ ఇంటర్నెట్టూ, నీలం మంచినీళ్ళు, ఆకుపచ్చ మురుగు. మా పెరడంతా ముగ్గేసినట్టయింది. మా చిన్నాడు వాటిని డేటా ఫ్లో డయాగ్రామ్‌లా కాగితం మీద దించాడు. ఇప్పటికీ ఫ్రిజ్ మీద ఉంది, పనికొస్తూనే ఉంది.

ఆ డిసెంబరులో నేను పార తీసుకుని బయల్దేరితే నాన్న ఆపారు. "ఎండిన రేగట్లో పార దిగదు. బురదైతే పారకి అంటుకుని రాదు. వాన పడి రెండ్రోజులాగి, పదును చూసి తవ్వాలి" అన్నారు. పదును! ఎన్నేళ్ళయిందో ఆ మాట విని. ఇక్కడి వీడియోల్లో మట్టి గురించి గంటలకొద్దీ చెబుతారు గానీ, ఆ సంగతి మొత్తాన్ని మూడక్షరాల్లో చెప్పే మాట వాళ్ళ దగ్గర నాకు దొరకలేదు. వానపడింది. రెండ్రోజులాగాం. రెండు పారల్ని ఎదురెదురుగా కట్టినట్టుండే డిగ్గరుతో ఒక్కో గొయ్యికీ అరగంట. ఎనిమిదడుగుల స్టీలు గుంజ, రెండడుగులు భూమిలో, ఆరడుగులు పైన. గుంజకీ గుంజకీ ఎనిమిదడుగుల దూరం. మొత్తం తొమ్మిది. ఆ చివరా ఈ చివరా గుంజలు నిలబెట్టి మధ్యలో దారం లాగి, రసమట్టం పెట్టి చూసుకుంటూ కాంక్రీటు పోశాం. వారాంతాలు మాత్రమే కాబట్టి జనవరి మూడో వారానికి అయిదు గుంజలయ్యాయి.

ఆ బుధవారం పొద్దున నా ఉద్యోగం పోయింది.

2023 జనవరి మీకు గుర్తుండే ఉంటుంది. పెద్దా చిన్నా కంపెనీలన్నీ వరసపెట్టి జనాన్ని పంపించేసిన నెల. మాకు పావుగంట కాల్ పెట్టి చెప్పారు. కాల్ అయ్యేసరికి ల్యాప్‌టాప్ లాకైపోయింది. మా ఆవిడది హెచ్‌4 మీద పని అనుమతి, అంటే ఆమె ఉద్యోగం కూడా నా వీసాకి ముడిపడి ఉన్నదే. పిల్లల బడి, ఇంటి వాయిదా, నాన్నా అమ్మల తిరుగు టిక్కెట్లు. 60 రోజుల లెక్క మొదలైంది.

ఆ రాత్రి నేను ముందుగా అన్నమాట, "ఆ కంచె పని ఆపేద్దాం". మిగిలిన సామాను వాపసిస్తే నాలుగొందలైనా వస్తాయని లెక్క. మా ఆవిడ ఒప్పుకోలేదు. "ఉండేట్టయితే కంచె కావాలి. అమ్మేట్టయితే నిలబడ్డ కంచెకే రేటు. రెండు దార్లకీ కామన్ స్టెప్పు అదే, ముందు అది చెయ్యండి" అంది. ఇరవయ్యేళ్ళుగా డిజైన్ మీటింగుల్లో కూర్చుంటున్నాను, ఇంత శుభ్రంగా నిర్ణయం చెప్పినవాళ్ళని తక్కువ చూశాను. నాన్న ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే కోటు వేసుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని, ఆరో గొయ్యి దగ్గర నిలబడి ఉన్నారు.

ఆ తర్వాత రోజులన్నీ ఒకటే మూస. పొద్దున ఫోన్లూ ఇంటర్వ్యూలూ. మధ్యాహ్నం నుంచి చీకటిపడేదాకా చేతిపని. ఇంటర్వ్యూ అయ్యాక వాళ్ళేమనుకున్నారో తెలియదు. వారం తర్వాత ఒక ఈమెయిల్ వస్తుంది, లేదా అదీ రాదు. గుంజ అలా కాదు. రసమట్టంలో బుడగ మధ్యలో ఉంటే నిలువుగా ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. సాయంత్రానికి ఎంతయిందో కళ్ళకి కనిపిస్తుంది. ఆ రెండు నెలలు నన్ను నిటారుగా నిలబెట్టింది ఆ బుడగే అంటే అతిశయోక్తి కాదు. మన వృత్తిలో ఏళ్ళ తరబడి రాసిన కోడు ఒక రీ-ఆర్గ్‌తో చెత్తబుట్టలోకి పోతుంది. చేత్తో తాకగలిగేది ఏదీ మిగలదు. దీనికి డబ్బులిచ్చే ఉద్యోగం అవసరమే. దాంతోపాటు సాయంత్రానికి కంటికి కనిపించే పని కూడా ఒకటి మనిషికి అవసరమని నాకు అప్పుడనిపించింది.

కంచె ఫిబ్రవరి మొదటివారానికి పూర్తయింది. పక్కింటి పెద్దాయన రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని ఆ చివరనుంచి ఈ చివరిదాకా చూసి, నాన్నకి షేక్‌హ్యాండిచ్చాడు. ఒకరికి తెలుగురాదు, ఇంకొకరికి ఆ టెక్సాస్ యాస ఎక్కదు. గంటసేపు మాట్లాడుకున్నారు.

తర్వాత ఇంటి లోపలి పని. ఇళ్ళు కట్టే పద్ధతిలో ఇక్కడికీ మనకీ ఉన్న తేడా గోడ దగ్గర తెలుస్తుంది. మన గోడ ఇటుకా సిమెంటూ. ఎక్కడ కావాలంటే అక్కడ డ్రిల్ చేసి, ప్లాస్టిక్ గట్టా దూర్చి స్క్రూ బిగిస్తాం. ఇక్కడ గోడంటే అరంగుళం జిప్సం బోర్డు, దాని వెనక 16 అంగుళాలకొకటి చొప్పున నిలువు దుంగలు, మధ్యలో బోలు. బరువు మోసేది ఆ దుంగలే. వాటి పేరు టూ బై ఫోర్, కొలిస్తే మాత్రం ఒకటిన్నర బై మూడున్నర అంగుళాలు! అంగుళాల్లో కూడా మార్కెటింగ్ ఉంటుందని అప్పుడు తెలిసింది. టీవీ తగిలించాలంటే ముందు దుంగ ఎక్కడుందో పట్టుకోవాలి. దానికి యంత్రాలమ్ముతారు గానీ ఒక చిన్న అయస్కాంతం చాలు. గోడమీద మెల్లగా జరుపుతుంటే బోర్డుని దుంగకి బిగించిన స్క్రూ దగ్గర టక్కున అంటుకుంటుంది. మా పెద్దది ఈ పనిలో ఆరితేరింది.

మేడమీద కిటికీల్లేని గది ఒకటుంది. బిల్డరు దాన్ని మీడియా రూమన్నాడు, మేం అప్పటిదాకా సూట్‌కేసుల గదిగా వాడాం. స్పీకర్లు ఆరునెలల ముందే సేల్‌లో కొని గరాజ్‌లో పెట్టాను, వాపసిచ్చే గడువు దాటిపోయింది. రిసీవరు సెకండ్ హ్యాండు. కాబట్టి కొత్తగా ఖర్చు కేబుళ్ళకే. ఫిబ్రవరి కావడం ఇంకో లాభం. టెక్సాస్ ఎండాకాలంలో అటక మీదకి ఎక్కితే మనిషి అప్పడంలా వేగిపోతాడు. అక్కడ చెయ్యాల్సిన పనులన్నీ చలికాలం పొద్దున్నే చేసుకోవాలి.

క్యాట్ 6 తీగ అటకమీంచి గోడలోకి దించాం. ఇంటిలోపలి దూరాలకి అది పది గిగాబిట్ల దాకా తట్టుకుంటుంది, ఇంకో పదేళ్ళు మార్చక్కర్లేదు. చివర్లకి క్రింపింగ్ చేసింది పిల్లలే. తెల్లనారింజ, నారింజ, తెల్లపచ్చ, నీలం, తెల్లనీలం, పచ్చ, తెల్లగోధుమ, గోధుమ. ఎక్కాల్లాగా కంఠతా పట్టేశారు. టెస్టరులో ఎనిమిది లైట్లూ వరసగా వెలిగినప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి. ఇక గోడలోపల్నుంచి లాగే స్పీకరు తీగకి ఆ పనికి పనికొస్తుందన్న రేటింగు ఉండాలి, సీఎల్2 అని తీగ మీదే రాసుంటుంది. టీవీ కరెంటు వైరుని మాత్రం గోడలోకి దూర్చి అవతలికి తియ్యకూడదు, కోడ్ ఒప్పుకోదు. టీవీ వెనకే ప్లగ్గు పాయింటు పెట్టించుకోవాలి. రిసీవరుకి టీవీని కలిపేటప్పుడు ఈఆర్క్ అని రాసున్న పోర్టు వాడండి. పాత ఆర్క్ 2009 నాటిది, సరౌండ్ శబ్దాన్ని నలిపి కుదించే మోస్తుంది. ఈఆర్క్ నష్టంలేని శబ్దాన్ని కూడా మోస్తుంది.

5.1.2 అంటే చుట్టూ అయిదు, బేస్ కోసం ఒకటి, నెత్తిమీద రెండు. మొత్తం ఎనిమిది. అన్నీ బిగించి, ఉత్త గోడలకి శబ్దం మార్మోగుతుంటే రెండు పుస్తకాల బీరువాలూ ఒక పాత తివాచీ తెచ్చి పడేసి, మొదటి సినిమాగా నాన్న కోరిక ప్రకారం మాయాబజార్ పెట్టాం. 1957 నాటి నలుపు తెలుపు బొమ్మే. అది మోనో కాబట్టి రిసీవరు బుద్ధిగా మొత్తం శబ్దాన్ని మధ్య స్పీకర్లోకే పంపింది. ఎనిమిది స్పీకర్లు బిగిస్తే పలికింది ఒక్కటి! పిల్లలు నీరుగారిపోయారు. నాన్న మాత్రం కుర్చీలో ముందుకు జరిగి, "ఒక్క మాట పోవట్లేదు రా, ఎంత స్పష్టంగా ఉందో" అన్నారు. ఆయనకి కొద్దిగా చెవుడు. ఇంట్లో టీవీ ముందు కూర్చుని "ఏమన్నాడు, ఏమన్నాడు" అని అమ్మని అడుగుతుంటారు. ఆ రోజు అడగలేదు. మాటలు సరిగ్గా వినపడాలంటే ఖర్చు పెట్టాల్సింది మధ్య స్పీకరు మీదే అని నాకు తేలింది. పెద్దవాళ్ళున్న ఇళ్ళవాళ్ళు ఇది గమనించాలి.

47వ రోజున ఆఫరొచ్చింది. 60 లోపు కొత్త కంపెనీ పిటిషన్ వేసింది. నాన్నావాళ్ళు మార్చిలో వెళ్ళిపోయారు. ఇది నా తెలివితేటల గొప్పేమీ కాదు. నాతోపాటే పోయినవాళ్ళలో నాకంటే బాగా పనిచేసే ఇద్దరు 60 దాటి వెనక్కి వెళ్ళారు. అందులో ఒకాయన పెరట్లో మూడేళ్ళు పెంచిన అంజీర చెట్టుని, వెళ్ళేముందు వేళ్ళతో సహా తెచ్చి మాకిచ్చాడు. అది మా కొత్త కంచె పక్కనే ఉంది. 2021 ఫిబ్రవరి లాంటి చలి, అదే డాలస్‌లో సున్నాకి 19 డిగ్రీల కిందకి పోయిన చలి, మళ్ళీ వస్తే పైన కొమ్మలు పోతాయేమో గానీ అంజీర వేరునుంచి మళ్ళీ చిగురిస్తుంది. కరివేపాకు అలా కాదు. అది కుండీలోనే, చలికాలం గరాజ్‌లోకి ప్రయాణమవుతుంది. మా వీసాలాగే దానికీ ఏటా పొడిగింపు.

ఇదంతా చదివి "అమెరికా మనకి శ్రమగౌరవం నేర్పింది" అనేవాళ్ళుంటారు. ఆ మాట నాకంత నచ్చదు. 1980ల్లో మా ఊళ్ళో ఇల్లు లేపినప్పుడు నాన్న బడినుంచి రాగానే గోడలు తడిపేవారు, అమ్మ ఇటుకలందించేది. మన సామెత కూడా ఇల్లు "కట్టి" చూడమంటుంది, కట్టించి చూడమనదు. ఉద్యోగాలొచ్చి, అపార్ట్‌మెంట్లొచ్చి, చేతిపని ఇంకెవరిదో అనుకునే పరిస్థితికి మనమే వచ్చాం. ఆ "ఇంకెవరిదో" అన్నదాంట్లో కులం ఎంతుందో అందరికీ తెలుసు. వెనక చేతులు కట్టుకుని నిలబడి "ఆ మూల సరిగ్గా రాలేదు చూడు" అని మేస్త్రీని నువ్వు అని పిలిచే కుర్రాళ్ళం మనం. తొమ్మిది గుంజలు పాతాక ఆ నువ్వు నోటికి రాదు.

ఏమాటకామాటే, ఇక్కడ కూడా అంతా శ్రమగౌరవమేమీ కాదు. 2024లో వడగళ్ళకి పైకప్పు దెబ్బతింటే ఇన్సూరెన్సు తరఫున ఒక బృందం వచ్చింది. అందరూ స్పానిష్ మాట్లాడేవాళ్ళు. మండుటెండలో పొద్దున ఆరున్నరకి ఎక్కినవాళ్ళు ఒక్కరోజులో కప్పంతా మార్చి దిగారు. మా ఆవిడ మజ్జిగ ఇస్తే మొహమాటంగా తాగారు. వాళ్ళకి ఏ కాగితాలున్నాయో, ఏ వరసలో ఉన్నారో నేనడగలేదు. వాళ్ళూ నన్నడగలేదు. నేను చేస్తే అది హాబీ, వాళ్ళు చేస్తే కూలి. ఈ తేడా మర్చిపోయి శనివారం చేతిపని గురించి గొప్పలు చెప్పుకుంటే బాగుండదు. ఇంకో తేడా మా ఆవిడ గుర్తుచేసింది. కంచె ఫొటో చూసి వాట్సాప్‌లో అందరూ శభాష్ అంటుంటే, "నేను రోజుకి మూడుసార్లు చేసేదాన్ని ఏమంటారు? దానికి ఫొటోలుండవేం?" అని అడిగింది. ఆ ఆదివారం నుంచి వంట నాదీ పిల్లలదీ. అది కూడా ఇంటిపనే కదా.

అన్నీ మనమే చెయ్యాలనే పట్టుదల కూడా మంచిది కాదు. గ్యాసు లైను, మెయిన్ కరెంటు ప్యానెలు, పైకప్పు, గరాజ్ తలుపు స్ప్రింగు, ఈ నాలుగింటి జోలికి వెళ్ళకండి. ఆ స్ప్రింగులో ఉండే బిగువుకి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. మూడొందలు మిగిల్చుకోవడానికి అంత అవసరం లేదు.

మళ్ళీ మొదటి ప్రశ్న. ఉంటామో లేదో తెలియని చోట ఎందుకు? నాకు దొరికిన సమాధానం ఇది. కాగితం ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. అది వచ్చేదాకా ఇల్లు మనది కాదనుకుంటే, ఆ లోపు గడిచే పదేళ్ళూ ఎవరివి? పిల్లలు పెరిగేది ఆ పదేళ్ళలోనే. మా పెద్దదానికి రేపు ఏ ఊళ్ళో బతికినా గోడలో దుంగ ఎక్కడుంటుందో తెలుసు. చిన్నాడికి పదునంటే తెలుసు. ఇల్లు అమ్ముకుని వెళ్ళాల్సొచ్చినా ఈ రెండూ సూట్‌కేసులో బరువు తూగవు.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవాళ్ళకి నా సలహా చిన్నది. కంచెతో వద్దు, స్పీకర్లతో అసలే వద్దు. ఈ శనివారం ఒక అయస్కాంతం తీసుకుని గోడలో దుంగ వెతకండి. ఏళ్ళ తరబడి నేలమీద ఆనించి ఉంచిన పటాల్లో మీ అమ్మానాన్నలది ఒకటుంటుంది. ముందు దాన్ని తగిలించండి.